బీబీఏ అయిపోయింది: ఎంబీఏనా, ఆడిటర్ ఆఫీసా, హైదరాబాదా?

#1 బ్రాడీపేట_బాబు (గుంటూరు)

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి పోయేవాణ్ణే గానీ ఎప్పుడూ రాయలేదు. బీబీఏ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. ఇంటర్న్‌షిప్ రిపోర్టు బైండింగ్ కూడా చేయించా. ఇక రోజూ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో ఇదే పంచాయితీ.

ఐసెట్ రాశా, ర్యాంకు ఫర్వాలేదు, విజయవాడ చుట్టుపక్కల ఎంబీఏ సీటు వస్తుంది. అరండల్‌పేటలో నాన్నకి తెలిసిన ఆడిటర్ గారు చేరమంటున్నారు, నెలకి 9,000. మా క్లాసులో సగం మంది హైదరాబాద్ మెడికల్ బిల్లింగ్ కంపెనీలకి పోతున్నారు. నైట్ షిఫ్టు, చేతికి 18,000 దాకా వస్తాయంట. అమ్మేమో నంద్యాల పోయి బ్యాంకు కోచింగ్ తీసుకోమంటుంది.

నాన్న ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. నా ఇంటర్న్‌షిప్పూ అక్కడే. చెల్లి ఇంటర్ సెకండియర్. కాబట్టి డబ్బుల సంగతి చూసుకోక తప్పదు.

డిగ్రీ అయ్యాక మీరంతా ఎట్టా మొదలుపెట్టారో చెప్పండి. సలహా కన్నా మీకేం జరిగిందో వినాలనుంది.

#2 పుల్లట్టు (విజయవాడ)

నాలుగూ వద్దు తమ్ముడూ. బందరు రోడ్డు మీద పునుగుల బండి పెట్టు. ఆ 9,000 వారం తిరిగేలోపు వస్తాయి.

(సీరియస్‌గా చెప్పేవాళ్ళు వస్తారు, ఆగు.)

#3 లబ్బీపేట_లెడ్జర్ (విజయవాడ)

బీకాం తర్వాత సీఏ చేసి ఇక్కడే ప్రాక్టీసు పెట్టుకున్నాను. నా మాట ఆడిటర్ల వైపు మొగ్గుతుంది, ఆ మేరకి తగ్గించుకొని చదువుకో.

చేరే ముందు ఆ ఆఫీసుకి వెళ్ళి ఒక పూట కూర్చుని చూడు. కొన్నిచోట్ల పొద్దస్తమానం కొనుగోలు బిల్లులు టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) కొట్టిస్తారు. ఏడాది తర్వాత వేళ్ళకి వేగం వస్తుంది, అంతే. ఇంకొన్నిచోట్ల మూడో నెలకే పార్టీ (క్లయింటు) దగ్గరికి పంపి స్టాకు చూసి రమ్మంటారు. జీఎస్టీ రిటర్ను నీ చేత తయారు చేయించి సీనియర్ సరిచూస్తారు. జీతం రెండుచోట్లా ఒకటే. అందుకని ఆడిటర్ గారిని జీతం సంగతి కాకుండా ఇది అడుగు: సెప్టెంబరు 30 గడువుకి ట్యాక్స్ ఆడిట్‌లు నడిచే రోజుల్లో నన్ను ఏ పనిలో పెడతారు? జవాబు తేలిగ్గా చెప్పలేకపోతే అది బిల్లులు కొట్టించే ఆఫీసు అనుకో.

ఇంకో సంగతి. ఉద్యోగిగా చేరడం వేరు, ఆర్టికల్‌గా, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణకి, చేరడం వేరు. ఉద్యోగిగా పదేళ్ళు చేసినా అది సీఏ లెక్కలోకి రాదు. ఈ మాట పిల్లలకి చెప్పే నాథుడే లేడు. సీఏ మీద మనసుంటే, కామర్స్ డిగ్రీలో 55 శాతం, మిగతా డిగ్రీల్లో 60 శాతం ఉన్నవాళ్ళు సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండోది ఇంటర్మీడియట్‌కి రిజిస్టర్ కావచ్చు. బీబీఏలో అకౌంటింగ్, లా, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్ లాంటి పేపర్లు ఎన్ని చదివావో మార్కుల జాబితా ముందేసుకొని చూడు, నువ్వు ఏ గీత కిందికి వస్తావో తెలుస్తుంది. 2023లో వచ్చిన కొత్త స్కీములో ఆర్టికల్‌షిప్ రెండేళ్ళే. మేము మూడేళ్ళు చేశాం.

ఇంతకీ ఆ కోల్డ్ స్టోరేజీలో నువ్వు చేసిందేంటి? జెరాక్సులు తీశావా, రిజిస్టర్ ముట్టుకోనిచ్చారా? అది తెలీకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

#4 బ్రాడీపేట_బాబు (గుంటూరు)

థాంక్స్ అక్కా. ఆర్టికల్ తేడా నాకు నిజంగానే తెలీదు.

జెరాక్సులు కూడా తీశాను. కానీ పని కూడా చేశా. ఫిబ్రవరి నుంచి మిర్చి సరుకు రావడం మొదలవుద్ది. రైతుదో వ్యాపారిదో లాటు లోపలికి రాగానే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, తూకం, రకం, ఏ చాంబర్లో ఏ అంతస్తులో పెట్టారో రాసి బాండు ఇస్తాం. ఆ బాండు బ్యాంకులో పెట్టి లోను తీసుకుంటారు. మళ్ళీ సరుకు బయటికి తియ్యాలంటే బ్యాంకు నుంచి రిలీజ్ లెటర్ రావాలి. మా రిజిస్టర్లో ఉన్న బాండ్లు, బ్యాంకు పంపే జాబితాలో ఉన్న బాండ్లు ఒకదానికొకటి కలిసేవి కావు. నాన్న వాళ్ళు రూళ్ళకర్ర పెట్టుకొని ఒక్కో నంబరూ చూసేవాళ్ళు. నేను రెండూ ఎక్సెల్లో ఎక్కించి వీలుకప్ (రెండు జాబితాలు పోల్చే ఫార్ములా)తో తేడాలు తీసి ఇచ్చా. కొన్నిటికి లోను తీరిపోయినా రిలీజ్ లెటర్ రాలేదు. కొన్ని బాండ్లు విడగొట్టి ఇద్దరి పేర్లకి మార్చినవి.

రిపోర్టులో మాత్రం ఇవేవీ లేవు. గైడ్ మేడం ‘వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్’ అని పేరు పెట్టి సీనియర్ల రిపోర్టు చూసి రాయమన్నారు.

#5 పెన్షన్_పెద్దాయన (గుంటూరు)

నాయనా, నువ్వు చెప్పిన ఆ రిలీజ్ లెటర్లు నేను బల్లకి అవతల వైపు కూర్చుని సంతకాలు పెట్టినవే. నేను ఆంధ్రా బ్యాంకులో చేసి రిటైరయ్యాను. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో యూనియన్ బ్యాంకు అనరు.

మాది తెలుగు మీడియం బీకాం. చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ. బ్యాంకులో చేరిన కొత్తలో మేనేజరు గారు ట్రయల్ బ్యాలెన్స్ తెమ్మంటే అంకణాయే గదా అని తెచ్చిచ్చాను, ఇబ్బంది పడిందేమీ లేదు. కష్టమల్లా పద్దు దొరకనప్పుడే. కంప్యూటర్లు రాకముందు ఆరు నెలల క్లోజింగులో పది పైసల తేడా వస్తే, అది దొరికేదాకా రాత్రి పదింటికి కూడా ఎవరూ ఇంటికి కదిలేవాళ్ళు కాదు. మేనేజరు గారే పులిహోర పొట్లాలు తెప్పించేవారు.

మీ అమ్మగారి మాట తీసిపారెయ్యొద్దు. బ్యాంకు పరీక్షలకి వయసు గడువుంది: పీవోకి (ఆఫీసరు ఉద్యోగం) 20 నుంచి 30, క్లర్కుకి 28 దాకా. రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు. నీకిప్పుడు 21 ఉంటుంది. అంటే తొందరేమీ లేదు, అలాగని అటక మీద పెట్టేసేదీ కాదు. అయితే నంద్యాలలో హాస్టల్లో కూర్చుని ఏళ్ళ తరబడి అదొక్కటే చదివే పిల్లల్ని చూశాను. ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో ఆగిపోయినవాళ్ళకి తర్వాత బయట ఏ పని చెయ్యాలో తోచదు. పని చేసుకుంటూ పొద్దున్నే రెండు గంటలు చదువు.

బాండ్ల సంగతి ఇంటర్వ్యూలో చెప్పు. బోర్డులో కూర్చునేవాళ్ళలో మిర్చి మీద లోన్లిచ్చిన బ్రాంచిలో పనిచేసినవాడు ఒక్కడున్నా నిన్ను వదలడు.

#6 నంబూరు_నాలుగోబెంచి (మంగళగిరి)

నాది పెద్ద కథ. టీ పెట్టుకొని కూర్చోండి.

గుంటూరులో బీకాం అయ్యాక 2014లో నాగార్జున యూనివర్సిటీలో ఎంబీఏలో చేరాను. విజయవాడకీ గుంటూరుకీ మధ్యన హైవే పక్కనే క్యాంపస్. క్లాసులో సగం మంది బెజవాడ బస్సు దిగినవాళ్ళు, సగం మంది గుంటూరు బస్సు దిగినవాళ్ళు. కొత్తలో రెండు గుంపులుగా కూర్చునేవాళ్ళం. బెజవాడోళ్ళకి మాట వేగం, మాకు కారం. రెండో సెమిస్టర్‌కి ప్రెజెంటేషన్ల పుణ్యాన కలిసిపోయాం.

మేము చేరిన ఏడాది జూన్‌లోనే రాష్ట్రం విడిపోయింది. సెప్టెంబరుకల్లా రాజధాని విజయవాడ దగ్గరేనని అసెంబ్లీలో చెప్పారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. ఆ రెండేళ్ళలో మా క్లాసులో సిలబస్ కన్నా ఎకరం రేటు మీద చర్చే ఎక్కువ. 29 గ్రామాలు, భూసమీకరణ, తిరిగిచ్చే ప్లాట్లు... తుళ్ళూరు వైపు నుంచి వచ్చే మా స్నేహితుడొకడు మొదటి ఏడు ఆర్టీసీ పాసుతో వచ్చేవాడు, రెండో ఏడు కారులో వచ్చాడు.

ప్లేస్‌మెంట్ల టైముకి వచ్చిన కంపెనీల్లో రియల్ ఎస్టేట్ వాళ్ళదే హవా. నేను ఒకదాంట్లో మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. జీతం తక్కువ, ప్లాటుకి ఇంతని కమీషన్. నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగం నాకు ఎంబీఏ వల్ల రాలేదు, రాజధాని వల్ల వచ్చింది. ఇంటరు ఫెయిలైనవాడు కూడా అదే బ్రోషర్ పట్టుకొని నా పక్కనే నిలబడ్డాడు, నాకన్నా ఎక్కువే అమ్మాడు. వాడికి ఊళ్ళో ప్రతి ఇంటా ఒక బాబాయి ఉండేవాడు, నాకు మార్కెటింగ్ పాఠ్యపుస్తకం రాసిన ఫిలిప్ కోట్లర్ ఉండేవాడు.

పని ఏంటంటే ఆదివారం పొద్దున్నే కారేసుకొని కొనేవాళ్ళని సైటుకి తీసుకెళ్ళడం. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్లో ఉంటాడు, ఇక్కడ వాళ్ళ నాన్న గట్టు మీద నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పుతుంటాడు. కొనేది కొడుకు, సరేననాల్సింది నాన్న, అసలు ఒప్పించాల్సింది కారులోంచి దిగని వాళ్ళమ్మని. ఇది నాకు మూడో నెలకి అర్థమైంది. కన్జ్యూమర్ బిహేవియర్ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి గానీ ఈ అమ్మ గారు అందులో లేరు.

2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు. అడ్వాన్సులిచ్చినవాళ్ళు మర్నాటి నుంచి ఫోన్లెత్తలేదు, ఎత్తినవాళ్ళు వెనక్కిమ్మన్నారు. ఏడాదికి కొంచెం కోలుకుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట అసెంబ్లీలో రాగానే మొత్తం పడిపోయింది. మా కంపెనీ ఆఫీసుకి తాళం వేసింది. రావాల్సిన కమీషన్లు ఇప్పటికీ రాలేదు, ఇక రావు.

అప్పుడు ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో క్రెడిట్ ఆఫీసర్‌గా మారాను. తీసుకున్నది డిగ్రీ చూసి కాదు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (భూమి మీద లావాదేవీల పత్రం), అడంగల్ (సాగు రికార్డు) చూసి ఏ భూమికి చిక్కుందో చెప్పగలనని. నాలుగేళ్ళు ప్లాట్లు అమ్మితే వచ్చిన విద్య అది. ఆదాయపు లెక్కలు చదవడం మాత్రం రాలేదు, అక్కడే కూర్చుని నేర్చుకున్నా. మెకానిక్ షాపు, కిరాణా కొట్టు, టిఫిన్ బండి వీళ్ళకి ఐటీ రిటర్నులుండవు. రోజూ పాల ప్యాకెట్లు ఎన్ని తెప్పిస్తున్నాడు, గ్యాసు బండలు ఎన్ని మారుస్తున్నాడు అని అడిగి ఆదాయం కట్టాలి.

ఎంబీఏ వేస్టు అనట్లేదు. ప్రాజెక్టు కోసం మంగళగిరి చేనేత సొసైటీల చుట్టూ తిరిగాను. నిజాం అంచు చీర మగ్గం దగ్గర ఎంత, కొట్లో ఎంత, మధ్యలో ఎవరు ఎంత తింటారు అని లెక్క తీశాను. కాలేజీలో నేను మనస్ఫూర్తిగా చేసిన పని అదొక్కటే. తమ్ముడూ, నువ్వు మాత్రం ఎంబీఏ ఫీజుకి అప్పు చెయ్యాల్సి వస్తే ఇప్పుడే చెయ్యొద్దు.

#7 పుల్లట్టు (విజయవాడ)

2025 మేలో రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయిగా అన్నా, పాత బ్రోషర్లు దాచి ఉంచావా?

#8 నంబూరు_నాలుగోబెంచి (మంగళగిరి)

పాత కస్టమర్లే ఫోన్ చేస్తున్నారు. ఈసారి ప్లాటు కోసం కాదు, అప్పట్లో కొన్నదాని మీద లోను కోసం.

#9 నిర్వాహకులు

రాజధాని మీద రాజకీయ చర్చకి వేరే విభాగం ఉంది. దీని కింద వచ్చిన కొన్ని వ్యాఖ్యలు అక్కడికి తరలించాం. ఇక్కడ చదువు, ఉద్యోగం వరకే.

#10 శాతవాహన_ప్రయాణికుడు (హైదరాబాద్, సొంతూరు విజయవాడ)

మెడికల్ బిల్లింగ్ సంగతి నేను చెప్తాను. 2018లో బీకాం కంప్యూటర్స్ అవగానే శాతవాహన ఎక్కి వచ్చేశా. ఏఆర్ కాలర్ ఉద్యోగం. అమెరికాలో ఆస్పత్రి బిల్లు పెడుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బివ్వనంటుంది. ఎందుకివ్వలేదో ఫోన్ చేసి కనుక్కుని, డినయల్ కోడ్ చూసి, బిల్లు సరిచేయించి మళ్ళీ పంపాలి. వాళ్ళకి పగలు కాబట్టి మనకి రాత్రి.

మొదటి నెల ఇంగ్లీషు యాస కన్నా నిద్రతోనే ఇబ్బంది. ఎస్సార్ నగర్ హాస్టల్లో పగలు పడుకుంటే పక్క రూములో కోచింగ్ పిల్లలు గట్టిగా చదువుతుంటారు. 18,000 అంటే హాస్టలు, తిండి, ఊరికి వచ్చిపోయే ఛార్జీలు పోగా ఇంటికి పంపేది కొంచెమే మిగుల్తుంది. గుంటూరులో ఇంట్లో తిని 9,000 తెచ్చుకోవడానికీ దీనికీ తేడా, మీవాళ్ళు అనుకున్నంత ఉండదు. కాగితం మీద రాసుకొని చూడు.

కానీ దారి మూసుకుపోదు. రెండేళ్ళకి అదే కంపెనీలో అకౌంట్స్ పేయబుల్‌కి మారాను, తర్వాత కంపెనీ మారితే జీతం పెరిగింది. ఇప్పుడు టీమ్ లీడర్‌ని. నైట్ షిఫ్టులో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుతా అనుకునేవాళ్ళకి మాత్రం ఒక మాట. మా బ్యాచ్‌లో అట్లా అనుకొని పుస్తకాలు తెచ్చుకున్నవాళ్ళం అందరం వాటిని తలకింద పెట్టుకునే పడుకున్నాం.

#11 టిక్కీలెక్క (గుంటూరు)

ఇందాకటి నుంచి చూస్తన్నా, కోల్డ్ స్టోరేజీలో గుమస్తా కొడుకు గుంటూరు వదిలి ఎక్కడికి పోవాలా అని అందరూ మాట్లాడతన్నారు. యార్డు మాట ఒక్కరన్నా ఎత్తలేదు!

నేను 2009లో బీకాం. మా మేనమామకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. డిగ్రీ అయిన మర్నాడే రమ్మన్నాడు. నాకు మాత్రం హైదరాబాదులో టై కట్టుకొని ఏసీలో కూర్చోవాలని. ఒక్క సీజనన్నా చూసి పొమ్మన్నాడు. జనవరిలో మొదలైతే ఏప్రిల్ దాకా నిద్రుండదు. రాత్రిపూట లారీలొస్తయ్, తెల్లారేసరికి టిక్కీలు దింపి లాట్లు పెట్టాల. బస్తా విప్పగానే ఘాటు. కొత్తోడు ఎవడైనా తుమ్ముతా ఉంటే హమాలీలు నవ్వుతారు. కాయ పట్టుకొని విరిచి చూసి తేమ చెప్తారు. తేజ, 334, బ్యాడిగీ, తాలు. ఒకే రైతు ఒకే పొలంలో కోసింది కూడా మొదటి కోతకీ మూడో కోతకీ రేటు వేరు.

అక్కడ నా పని రైతుకిచ్చే లెక్క చీటీ రాయటం. తూకం, రేటు, కమీషను, హమాలీ, కాటా కూలి, మా కొట్లో ఆ రైతు ముందే వాడుకున్న అప్పు. చీటీ చేతికిచ్చేటప్పుడు రైతు మొహంలోకి చూడటం కష్టమయ్యా. పురుగుమందులకీ కూతురి పెళ్ళికీ ముందే తీసుకున్న డబ్బులు పోగా మిగిలింది చూసుకొని మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకుంటాడు. కాస్టింగ్ పేపర్లో మార్జిన్ అని రాసింది ఇదేనా అనిపించేది.

ఎక్స్‌పోర్టు చేసేవాళ్ళు మా కొట్లోనే కొనేవాళ్ళు. తేజ చైనాకి పోద్దని అందరికీ తెలుసు, ఎట్టా పోద్దో మా కొట్లో ఎవరికీ తెలీదు. నాకు దాని మీద గాలి మళ్ళింది. ఎగుమతులకి కావాల్సిన ఐఈసీ కోడు తీసుకున్నా, స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా రిజిస్టర్ అయ్యా, ఒక ఎక్స్‌పోర్టర్ దగ్గర జీతానికి చేరి డాక్యుమెంట్లు చూశా. కాలేజీలో లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, డబ్బిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ) అంటే రెండు మార్కుల ప్రశ్న. అక్కడ అదే ప్రాణం. సరుకు ఓడెక్కాక 21 రోజుల్లోపు కాగితాలన్నీ బ్యాంకులో పడాల, ఎల్‌సీలో వేరేగా రాసి ఉంటే తప్ప. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే రసీదు), ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగూ తెగులూ లేవని), వీటిల్లో దేంట్లో కొనేవాడి పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాంకు ‘డిస్క్రిపెన్సీ’ అని పక్కన పెట్టుద్ది. రేటు పడిపోయిన నెలలో అదే సాకుగా కొనేవాడు బేరం తిరగదోడతాడు. కొన్ని దేశాలకి అఫ్లాటాక్సిన్ (బూజు విషం) పరీక్ష నెగ్గకపోతే కంటైనర్ కంటైనరే వెనక్కి.

ఇప్పుడు నాది చిన్న ఎక్స్‌పోర్టు కంపెనీ. పెద్దగా గొప్పలేం లేవు, ఒక ఏడు బాగుంటే ఒక ఏడు చేతులు కాలతయ్. కానీ బాండ్ల తేడా ఎక్సెల్లో తీసిన కుర్రాడంటే నాకు రేపే పని ఉంది. ఎంబీఏ చదివి వచ్చినవాళ్ళకి నేను మూడు నెలలు నేర్పేది ఇదే.

#12 లబ్బీపేట_లెడ్జర్ (విజయవాడ)

టిక్కీలెక్క గారూ, పిల్లవాడిని సీజనుకి తీసుకొని సీజనవగానే పొమ్మంటే? జీతం ఏడాది పొడుగునా ఇస్తారా? పీఎఫ్ ఉందా? మన ఊళ్ళ కొట్లలో అసలు చిక్కు అదే. పని బంగారం, కాగితం మీద మాత్రం వాడు ఉద్యోగే కాదు. రెండేళ్ళ తర్వాత అనుభవం చూపించమంటే లెటర్ హెడ్ కూడా దొరకదు.

#13 టిక్కీలెక్క (గుంటూరు)

న్యాయమైన ప్రశ్నే మేడం. ఏడాది పొడుగునా ఇస్తా, ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో పెట్టింది) అమ్మకాలు డిసెంబరు దాకా ఉంటయ్. పీఎఫ్ లేదు, మా దగ్గర 20 మంది లేరు. అనుభవం లెటర్ ఇస్తా.

#14 వన్‌టౌన్_అమ్మాయి (విజయవాడ)

ఎంబీఏ చేసి సొంత కొట్లోనే ఉద్యోగం కోసం ఎదురుచూసినదాన్ని నేను. నా సంగతి కొంచెం వేరు.

మాది వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు. సూరత్ నుంచి సరుకు, గోదావరి జిల్లాల దాకా అమ్మకం. ఫైనాన్స్‌లో ఎంబీఏ 2021లో అయింది. అప్పటికి ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎత్తేశారు, 2020 చివరి జీవో 77తో. నా జూనియర్లలో ఇద్దరు సీటొచ్చీ మానేశారు. మాకు ఆ ఇబ్బంది లేదు గానీ, కొట్లో ఆడపిల్ల కూర్చుంటే పార్టీలు ఏమనుకుంటారో అని నాన్న ససేమిరా అన్నారు. ఇంట్లో కూర్చునే టాలీ చూసుకో అన్నారు. సరే, చూశాను. మొత్తం బాకీలని 30 రోజులు, 60, 90, ఆ పైన అని విడగొట్టి ఒక కాగితం మీద వేసి అన్నం దగ్గర పెట్టా. తొంభై దాటిన వరుస చూసి నాన్న ముద్ద దింపి, ఈ తణుకు పార్టీ ఇంకా ఇవ్వలేదా అన్నారు. మర్నాడు నన్ను కొట్టుకి తీసుకెళ్ళారు.

వసూళ్ళు ఇప్పుడు నేనే చూస్తాను. చెక్కు తిరిగొస్తే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు, ఆ తర్వాత 15 రోజులు గడువు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కేసు. ఈ తేదీలు గోడ క్యాలెండర్ మీద రాసి పెడతా. కేసు దాకా వెళ్ళింది చాలా తక్కువ, నోటీసు పోగానే ఎవరో ఒక పెద్దమనిషి ఫోన్ చేస్తాడు. ఎవరిని గట్టిగా అడగాలి, ఎవరి దగ్గర దసరా దాకా ఆగాలి అనేది మాత్రం నాన్నకే తెలుసు. ఆ విషయంలో ఆయన చెప్పినట్టే వింటాను.

నా చదువు గట్టిగా పనికొచ్చింది 2024 మొదట్లో. 43బీ హెచ్ అని ఆదాయపు పన్నులో కొత్త క్లాజు. చిన్న తయారీదారులకి 45 రోజుల్లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు ఇవ్వకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలోకి రాదు. మార్చి వచ్చేసరికి బజారంతా గోల, సరుకు వెనక్కి పంపేద్దామని. మా సప్లయర్లందరి ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్లు తెప్పించి, తయారుచేసేవాళ్ళు ఎవరు, ఉత్త వ్యాపారులు ఎవరు, మీడియం స్థాయి కంపెనీలు ఏవి అని విడదీశాను. క్లాజు వర్తించేది మూడో వంతుకే. వాళ్ళకి ముందు కట్టాం, మిగతావాళ్ళకి మామూలే. పక్క కొట్లవాళ్ళు కూడా మా జాబితా అడిగారు.

కాబట్టి నంబూరు అన్నయ్యతో నాకు పేచీ. అప్పు చెయ్యొద్దన్నది నిజమే. కానీ ఎంబీఏ తర్వాత చేద్దాంలే అనుకున్నవాళ్ళు చెయ్యరు. జీతం అలవాటయ్యాక మళ్ళీ క్లాసులో కూర్చోరు. ఆడపిల్లలకైతే ఆ ‘తర్వాత’ ఉండనే ఉండదు, పెళ్ళి సంబంధాలు మొదలవుతాయి.

#15 నంబూరు_నాలుగోబెంచి (మంగళగిరి)

> ఎంబీఏ తర్వాత చేద్దాంలే అనుకున్నవాళ్ళు చెయ్యరు

ఒప్పుకుంటా చెల్లెమ్మా. కానీ నీకు కొట్టు ముందే ఉంది, చదివింది ఎక్కడ పెట్టాలో తెలుసు. మా క్లాసులో ఎవరికీ ఆ సంగతి తెలీదు. అందరం మార్కెటింగ్, హెచ్‌ఆర్ అని సినిమా టికెట్టు తీసినట్టు తీసుకున్నాం. ఏడాది పనిచేసి వచ్చినవాడైతే క్లాసులో కనీసం ప్రశ్న అడుగుతాడు.

#16 లబ్బీపేట_లెడ్జర్ (విజయవాడ)

నేను మధ్యలో ఉంటా. ఒక్క ఇయర్ ఎండింగ్ చూడనియ్యండి. ఏప్రిల్లో పుస్తకాలు మూసి, జులైలో రిటర్నులు వేసి, సెప్టెంబరులో ఆడిట్ ముగించి, ఒక చక్రం పూర్తిగా చూసినవాడికి ఫైనాన్స్ కావాలా వద్దా అనేది వాడికే తెలుస్తుంది. వచ్చే ఏడు ఐసెట్ ఉండనే ఉంది.

#17 పెన్షన్_పెద్దాయన (గుంటూరు)

అమ్మగారి మాట మళ్ళీ గుర్తు చేస్తున్నాను. నోటిఫికేషన్ వస్తే దరఖాస్తు పెట్టు.

#18 బ్రాడీపేట_బాబు (గుంటూరు)

అందరికీ నమస్తే, చాలా రోజుల తర్వాత రాస్తున్నా. టిక్కీలెక్క అన్న గారిని కలిశాను, సీజన్లో సాయంత్రాలు రమ్మన్నారు. పగలు ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను. లెడ్జర్ అక్క చెప్పిన ప్రశ్న అడిగితే ఆయన నవ్వి, సెప్టెంబరులో నీకు రెండు రైసు మిల్లులూ ఒక జిన్నింగ్ మిల్లూ ఇస్తా, ఏడవకూడదు మరి అన్నారు. ఎంబీఏ సీటు ఈ ఏటికి వదిలేశా. అమ్మ కోసం బ్యాంకు పరీక్షకి అప్లై చేశా, పొద్దున్న చదువు ఒకరోజు అవుతుంది, ఒకరోజు కాదు.

ఇప్పుడు ఒక డౌటు. ఒక పార్టీ కొనుగోలు బిల్లులు మా పుస్తకాల్లో ఉన్నాయి, సరుకు వచ్చింది, డబ్బు కూడా ఇచ్చేశారు. కానీ జీఎస్టీఆర్ 2బీలో (అమ్మినవాళ్ళు ఎక్కించిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితా) ఒక సప్లయర్‌వి కనిపించట్లేదు. మిగతా వాళ్ళవన్నీ ఉన్నాయి. రిటర్ను గడువు 20వ తారీకు దగ్గర పడుతుంది. సార్ ఊళ్ళో లేరు. ఆ బిల్లుల మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్ తీసుకోవచ్చా?

#19 లబ్బీపేట_లెడ్జర్ (విజయవాడ)

తీసుకోకూడదు. 2022 జనవరి నుంచి 2బీలో లేని క్రెడిట్ తీసుకునే వీల్లేదు, డబ్బిచ్చినా సరే. ముందు ఆ సప్లయర్ మూడు నెలలకోసారి రిటర్ను వేసే క్యూఆర్‌ఎంపీలో ఉన్నాడేమో పోర్టల్లో చూడు. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళు అందులో ఉండొచ్చు. అలాంటివాళ్ళు క్వార్టర్లో మొదటి రెండు నెలల బిల్లులు తర్వాతి నెల 13వ తేదీలోపు ఐఎఫ్ఎఫ్‌లో (పోర్టల్లో బిల్లులు ముందే ఎక్కించే వీలు) ఎక్కిస్తేనే నీకు ఆ నెల కనపడతాయి, లేకపోతే క్వార్టర్ చివరే. అదే అయితే కంగారేం లేదు, కనపడ్డ నెలలో తీసుకో. ఈ ఆర్థిక సంవత్సరం బిల్లులకి వచ్చే నవంబరు 30 దాకా సమయం ఉంది. క్యూఆర్‌ఎంపీ కాకపోతే మీ పార్టీ జీఎస్టీ నంబరు ఒక అంకె తప్పు కొట్టి వేరేవాళ్ళకి ఎక్కించి ఉంటాడు. ఫోన్ చేసి జీఎస్టీఆర్ 1 (అమ్మకాల రిటర్ను) స్క్రీన్‌షాట్ అడుగు. పార్టీకి ముందే చెప్పు, ఈ నెల పన్ను కొంచెం ఎక్కువ కట్టాలని. 20న చెప్తే తిడతారు.

#20 బ్రాడీపేట_బాబు (గుంటూరు)

క్యూఆర్‌ఎంపీయే అక్కా. వాళ్ళ గుమస్తాకి ఫోన్ చేస్తే ఐఎఫ్ఎఫ్ అంటే ఏంటి అని నన్నే అడిగాడు. పార్టీకి చెప్పేశా.

#21 వన్‌టౌన్_అమ్మాయి (విజయవాడ)

ఆ సప్లయర్ సూరత్ వాళ్ళా? పేరు ఇక్కడ రాయకు, నాకు మెసేజ్ పెట్టు. మా 2బీలో కూడా ఒకళ్ళవి రావట్లేదు.